సాంచెలు ఆగేదాకా

రెండు ఆసులు!

ఒకటి ఇస్పేటు. ఒకటి ఆఠీను.

ఈ ఆటలో చేతికి ఇంతకన్నా మంచి ముక్కలు రావు. వస్తే, బుద్ధున్నవాడెవడైనా తన ముందున్నదంతా ఊడ్చి బల్ల మధ్యలోకి తోస్తాడు.

మొగిలి వాటిని బోర్లా పారేస్తాడు.

"ప్యాక్!"

గొంతు చించుకుంటే గానీ పక్కవాడికి వినపడదు. గోడ అవతల ఇరవై నాలుగు సాంచెలు... పవర్‌లూమ్‌లు... ఒక్కపెట్టున నడుస్తున్నాయి. టకటకటకటక! సిరిసిల్లలో శుక్రవారం, మధ్యాహ్నం మూడు గంటలు. బల్ల మీది ఛాయ్ గ్లాసులు కూడా వణుకుతున్నాయి.

ఎదురుగా సుదర్శన్ నవ్వి, కాయిన్లు తన వైపు లాక్కుంటాడు.

సోమవారం జగిత్యాల మామిడితోట. బుధవారం కోరుట్ల పసుపు గోదాం. శుక్రవారం ఈ ఖార్ఖానా వెనక ప్యాకింగ్ రూమ్. మూడు ఊళ్లలో మూడు బల్లలూ సుదర్శన్‌వే. చూస్తే మెత్తటి మనిషి. గొంతు పెంచడు. ఇంత చప్పుడులోనూ గుసగుసలాడినట్టే మాట్లాడతాడు. కావాల్సినవాడు వంగి వినాలి!

ఈ రూమును వాడు ఊరికే ఎంచుకోలేదు. ఇక్కడ ఏ ఫోన్లో రికార్డు చేసినా టకటక తప్ప ఇంకేం దొరకదు.

తలుపు కనబడేలా కూర్చుంటాడు. వీపు వెనక అద్దాల కిటికీ. కిటికీ అవతల నూలు కండెలు చుట్టే ఆడవాళ్లు. వాళ్లను సుదర్శన్ మనుషుల కింద జమకట్టడు.

వాడు చేసిన తప్పు అదే.

ఆ ఆడవాళ్లలో ఒకామె... దారం ముడి వేస్తూనే... వాడి భుజం మీదుగా చూస్తుంది. వాడు బొటనవేలితో ముక్కల అంచు లేపగానే చూస్తుంది. చూసి పెదాలు కదుపుతుంది.

ఏడు... మూడు...

చెత్త! సుదర్శన్ చేతిలో ఏమీ లేకుండానే పందెం పెంచాడు. ఇప్పుడు మొగిలి దాని మీద ఇంకా పెంచి రీ-రైజ్ చేస్తే వాడు నవ్వేసి ముక్కలు పారేస్తాడు.

అందుకే మొగిలి తన ఆసులు పారేశాడు.

మొగిలికి గెలుపు అక్కర్లేదు.

సుదర్శన్ నడుముకున్న పిస్తోలు కావాలి!

* * *

మూడు నెలల కింద కోరుట్ల అవతల కాలువ గట్టు మీద రమేశ్ శవమై దొరికాడు. ఒంట్లో ఒకటే తుపాకి గుండు. కోరుట్ల బల్ల మీద ముక్కలు పంచేది రమేశే. మొగిలికి సొంత తమ్ముడు.

కండెలు చుట్టే ఆ ఆడమనిషి వసంత. రమేశ్ భార్య.

సుదర్శన్‌కు ఈ సంగతి తెలియదు. వాడి దృష్టిలో మొగిలి మస్కట్ నుంచి వచ్చిన ఇబ్రహీంపట్నం మనిషి. పిరికివాడు. పొద్దంతా ముక్కలు పారేస్తూ కూర్చునే రకం.

జగిత్యాల ఎస్సై ప్రేమలత మొదటి రోజే ఉన్నదున్నట్టు చెప్పింది.

"గుండు మా దగ్గర ఉన్నది మొగిలీ. తుపాకి లేదు. పేకాట కేసు పెడితే పొద్దుమూకేసరికి బయటుంటడు. ఇల్లు సోదా చేస్తే పైసలు, ముక్కలు తప్ప ఏం దొరకయి. నాకు తుపాకి కావాలె."

"అది బల్ల మీదికి అస్తది మేడం."

"ఎప్పుడు?"

"ఎవలన్న ఇద్దరు మొత్తం పెట్టినప్పుడు. ఆల్-ఇన్! గప్పుడు తలుపు గొళ్లెం పెట్టిపిస్తడు. తుపాకి తీసి బల్ల మీద పెడుతడు. దాన్ని 'సాక్షి' అంటడు. రమేశే చెప్పిండు నాకు."

 ప్రేమలత వేలు చూపిస్తూ అంది.

"తుపాకి బయటికి రాంగనే వసంత మెయిన్ స్విచ్ బంద్ చేస్తది. సాంచెలు ఆగుతయ్. చప్పుడు ఆగుడే మాకు సైగ. కానీ ఒక్కటి యాదికుంచుకో. నువ్వు దాన్ని ముట్టొద్దు. నీ వేలిముద్ర పడ్డదంటే మొత్తం కేసు గంగల గలుస్తది!"

"ముట్ట మేడం."

మాటైతే ఇచ్చాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కళ్లు మూస్తే చాలు... తన చేతిలో ఆ పిస్తోలు... ఎదురుగా సుదర్శన్ మొహం!

ఇప్పుడు గేటు బయట టార్పాలిన్ కప్పిన డీసీఎం వ్యాను నిలబడి ఉంది. లోపల ప్రేమలత, నలుగురు కానిస్టేబుళ్లు.

చెవులు రిక్కించుకుని... చప్పుడు ఎప్పుడు ఆగుతుందా అని!

* * *

సారయ్య మళ్లీ ముక్కలు కలుపుతున్నాడు. కోరుట్ల పసుపు వ్యాపారి. నోరు మూయడు. ఎవరికీ వినపడకపోయినా మాట్లాడుతూనే ఉంటాడు. పక్కన సాయన్న, జగిత్యాల మామిడి కాంట్రాక్టరు. గంటకోసారి ఆడతాడు. మిగతా టైమంతా ముక్కు గోక్కుంటాడు.

మొగిలి వెనక తలుపు దగ్గర ప్రభుదాస్. సుదర్శన్ మనిషి. చేతులు కట్టుకుని నిలబడి ఉంటాడు. నాలుగు శుక్రవారాల్లో వాడి గొంతు ఎవరూ వినలేదు.

రెండేసి ముక్కలు పడతాయి. తర్వాత బల్ల మధ్యలో అందరికీ కలిపి ఐదు ముక్కలు తెరుస్తారు. ముందుగా తెరిచే మూడూ ఫ్లాప్. కానీ అసలు కొట్లాట ఆ మూడు తెరవకముందే! ఉండేదెవడు, పారిపోయేదెవడు, మీద పడేదెవడు... అన్నీ అక్కడే తేలిపోతాయి.

మస్కట్ క్యాంపులో ఈ ఆట నేర్పింది ఫిలిప్పీన్స్ వంటాయన. అన్నం గరిటె చూపిస్తూ చెప్పేవాడు. కాల్ అంటే... ఎదుటివాడు పెట్టినంతే పెట్టి చూద్దాం అని. రీ-రైజ్ అంటే... నువ్వో నేనో తేలాలి అని. మధ్యలో ఊగేవాడు మునుగుతాడు!

మొగిలి పోయిన శుక్రవారం మునిగాడు. రాజుల జంట పడింది. తొందరపడి రీ-రైజ్ చేశాడు. సుదర్శన్ ముక్కలు పారేసి, "ఇయ్యాల్టికి బంద్," అని లేచిపోయాడు. వారం రోజులు నీళ్లపాలు.

ఈ పిరికివాడి వేషంలో మొగిలి ఒక రోజులో ఒక్కసారే రీ-రైజ్ చేయగలడు. రెండోసారి చేస్తే అనుమానం. ఆ ఒక్కసారి సుదర్శన్ చేతిలో బలమైన ముక్కలుండాలి. వాడు ఉన్నదంతా ఎత్తి మొగిలి మీద పడాలి!

అంటే మొగిలి గెలిచే ముక్కల కోసం కాదు... ఓడిపోయే ముక్కల కోసం కూర్చున్నాడు. నవ్వొస్తుంది. ఏడుపూ వస్తుంది.

సుదర్శన్ సిగరెట్ ముట్టిస్తూ తనలో తాను గొణుక్కుంటాడు.

"గీనికి ఆసులచ్చినా పారేస్తడు..."

"ఆసులస్తె గద అన్నా!"

అనేశాడు!



సుదర్శన్ చేతిలో అగ్గిపుల్ల కాలుతూనే ఉంది. చూపు మొగిలి మీదే.

"నీకెట్ల ఇనబడ్డది?"

చెవులకు కాదు, కళ్లకు వినబడింది. పన్నెండేళ్లు సాంచెల మధ్య పనిచేసినవాడికి పెదాలే మాటలు. అలవాటు ప్రాణం తీస్తుందంటే ఇదే!

"ఇనబడలే అన్నా... కనబడ్డది. మస్కట్ పోకముందు సాంచెలు నడిపిన గద. గట్ల అలవాటు పడ్డది."

సుదర్శన్ పుల్ల ఆర్పుతాడు.

మెల్లగా... చాలా మెల్లగా... వెనక్కి తిరిగి అద్దంలోంచి చూస్తాడు!

వసంత తల వంచి ఉంది. చేతులు కండె మీద. దూది నూగు జుట్టంతా పట్టి ముసలామెలా కనబడుతోంది.

ఒక సెకను...

రెండు...

మూడు...

సుదర్శన్ మళ్లీ ఇటు తిరుగుతాడు.

"మంచి విద్దెనే నేర్చినవ్," అంటాడు. పెదాలు మాత్రమే కదిలాయి. కావాలనే!

మొగిలి తల ఊపుతాడు. 

సుదర్శన్ కళ్లు ఒక్క క్షణం మొగిలి తల మీదుగా తలుపు వైపు పోతాయి. ప్రభుదాస్ వైపు.

ఎందుకు? మొగిలికి తెలియదు. వెనక్కి తిరిగి చూసే ధైర్యమూ లేదు.

* * *

ముక్కలు పడ్డాయి.

సాయన్న ప్యాక్.

సుదర్శన్ బొటనవేలు ముక్కల అంచు కిందికి పోతుంది. లేపుతుంది. దించుతుంది. మొహంలో ఏమీ లేదు. మామూలు కన్నా కొంచెం ఎక్కువ కాయిన్లు ముందుకు తోస్తాడు.

"రైజ్."

సారయ్య ప్యాక్.

ఇక మిగిలింది మొగిలి ఒక్కడే. చివరి మాట తనదే.

ముక్కలు లేపి చూస్తాడు. జాకీ... జాకీ!

మంచి జంటే. మోసం చేసే జంట కూడా. చిన్నవాటిని కొడుతుంది, పెద్దవాటి కింద పడి నలుగుతుంది.

అద్దం వైపు చూస్తాడు.

వసంత పెదాలు కదులుతున్నాయి.

రాజు...

మళ్లీ...

రాజు!

నాలుగు వారాలు! నాలుగు వారాల తర్వాత ఇప్పుడు... సుదర్శన్ చేతిలో ఇద్దరు రాజులు!



ఆట ప్రకారం పోతే ఇక్కడ కాల్ చేయాలి. కాల్ చేసి ఫ్లాప్ చూడాలి. జాకీ పడితే గెలుపు, పడకపోతే పారేసి ఊపిరి పీల్చుకోవడం. వంటాయన ఉంటే అదే చెప్పేవాడు. ఎదుటివాడి దగ్గర రాజులున్నాయని తెలిసి రీ-రైజ్ చేసేవాడు పిచ్చోడు!

కానీ కాల్ చేస్తే సుదర్శన్ నెమ్మదిగా ఆడతాడు. పెద్ద ముక్కలను దాచుకుని నాన్చడం వాడికి అలవాటు. ఆల్-ఇన్ పడదు. తుపాకి రాదు.

రీ-రైజే చేయాలి. ఎంత?

ఎక్కువ చేస్తే... పిరికివాడు అంత పెట్టాడంటే ఆసులే అనుకుంటాడు. ఆగిపోతాడు.

తక్కువ చేయాలి. భయంతో చేసినట్టుండాలి. రా, వచ్చి తొక్కు అన్నట్టుండాలి!

అంతా తెలుసు. చేతులే కదలడం లేదు.

ఎందుకంటే రీ-రైజ్ తర్వాత ఏం జరుగుతుందో కూడా తెలుసు. తమ్ముణ్ని చంపిన తుపాకి చేతికందే దూరంలోకి వస్తుంది. ముట్టనని మాటిచ్చాడు. ఆ మాట మీద తనకే నమ్మకం లేదు.

'కాల్ చేసెయ్‌రా మొగిలీ... వచ్చే వారం చూసుకుందాం...'

నాలుగు కాయిన్లు వేళ్ల మధ్యకు తీసుకుంటాడు. కాల్ చేయడానికి సరిపోయేన్ని.

అప్పుడు సుదర్శన్ పొగ వదులుతూ, నవ్వుతూ అంటాడు.

"కోరుట్లల ఒక పోరడుండె. ముక్కలు మస్తుగ పంచేటోడు. చెయ్యి మంచిదే... నోరే మంచిగ లేకపాయె."

సారయ్య చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంటాడు. "ఏందన్నా?"

"ఏం లే సేటూ. పాత ముచ్చట."

వినబడింది మొగిలి ఒక్కడికే. వాడు చెప్పింది కూడా మొగిలికే... పెదాలు చదవగలడని తెలిసి... ఊరికే ఆటపట్టించడానికి! తమ్ముడని తెలియకుండానే!

రక్తం సలసల మరిగింది.

మొగిలి చేయి నాలుగు కాయిన్ల దగ్గర ఆగలేదు. పక్క దొంతిలోంచి ఇంకొన్ని... ఇంకొన్ని...

"రీ-రైజ్!"

చేయి గడగడ వణుకుతోంది. కాయిన్లు ఒకదాని మీద ఒకటి జారిపడ్డాయి.

అది కోపం. సుదర్శన్‌కు మాత్రం భయంలా కనబడింది!

"అబ్బో..." అంటాడు. "గిప్పుడచ్చిందా పౌరుషం?"

రెండు అరచేతులూ దొంతుల వెనక పెడతాడు.

మొత్తం ముందుకు తోస్తాడు!

"ఆల్-ఇన్."

సాయన్న ముక్కు గోక్కోవడం మానేస్తాడు.

టకటకటకటకటక...

మొగిలి తన దొంతులన్నీ ముందుకు తోస్తాడు.

"కాల్!"

* * *

వెనక గొళ్లెం పడింది. చప్పుడు వినబడలేదు గానీ, తలుపు అదిరిన అదురు కుర్చీలోంచి వెన్నులోకి పాకింది.

సారయ్య, సాయన్న చేతులు ఒళ్లో పెట్టుకుంటారు. ఇద్దరి కళ్లూ బల్ల మీదే. ఇక్కడి పద్ధతి అది.

సుదర్శన్ చొక్కా లేపుతాడు.

"సాక్షిని పెడుతున్న."

నల్లటి పిస్తోలు బల్ల మీదికి వచ్చింది!

మొగిలికి మూరెడు దూరంలో.

ఫ్లాప్ ఇంకా తెరవలేదు.

వచ్చేసింది! నాలుగు వారాలు పారేసిన ముక్కలన్నీ దీనికోసమే! ఇక వసంత ఆరడుగులు నడవాలి. మెయిన్ బోర్డు. చేయి కిందికి. అంతే!

నడువు వసంతా...

నడువు...

టకటకటకటక!

సాంచెలు ఆగలేదు.

మొగిలి కళ్లెత్తి అద్దం వైపు చూస్తాడు.

వసంత అక్కడే నిలబడి ఉంది! కండె కింద పడేసింది. రెండు అరచేతులూ అద్దానికి ఆనించింది. కళ్లు ఇంత పెద్దవి చేసుకుని... పెదాలు కదుపుతోంది.

ఒకటే మాట. మళ్లీ మళ్లీ.

చంపు...

చంపు బావా!

మొగిలి ఒంట్లో ఏదో తెగిపోయింది.

రమేశ్ చితి దగ్గర కూడా ఈ పిల్ల ఏడవలేదు. ఆ సుదర్శన్ కోర్టులో చేతులు కట్టుకుని నిలబడాలి, నేను చూడాలి అని మాత్రమే అనేది. కానీ ఇప్పుడు... ఎదురుగా వాణ్నీ, ఆ పిస్తోలునూ చూసి... ఆ పిల్ల కూడా తట్టుకోలేకపోయింది!

తను ఒంటరి కాదు. తనొక్కడికే కాదు ఈ మంట!

'ముట్టొద్దు మొగిలీ,' ప్రేమలత గొంతు.

చంపు బావా! అద్దంలో వసంత పెదాలు.

సుదర్శన్ నవ్వుతున్నాడు. రమేశ్ గురించి చెప్పినప్పుడు నవ్విన నవ్వే.

మొగిలి చేయి పాములా దూకింది.

పిస్తోలు చేతిలో! గొట్టం సుదర్శన్ రొమ్ముకు సూటిగా! సారయ్య కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు.

"రమేశ్ నా తమ్ముడురా!"

ట్రిగ్గర్ నొక్కాడు.

టక్!

మళ్లీ.

టక్! టక్!

ఖాళీ!

సుదర్శన్ కదల్లేదు. సిగరెట్ కూడా తీయలేదు. పెదాలు నింపాదిగా కదిలాయి. ఒక్కో మాటా విడివిడిగా... చదువుకోవడానికి వీలుగా.

"మా బల్ల కాడ దీన్ని ఎవ్వడూ ముట్టడు. ముట్టినోడే పోలీసోళ్ల మనిషి. గందుకే ఖాళీది పెడుత. తమ్ముడని మాత్రం తెల్వదు... పాపం."

వాడి కళ్లు మొగిలి మీద లేవు. మొగిలి తల మీదుగా... వెనక్కి...

వసంత కళ్లు కూడా ఇందాకటి నుంచి అటే ఉన్నాయి!

మెడ వెనక చల్లగా తగిలింది. ఇనుము.

ప్రభుదాస్!

అసలు తుపాకి వాడి దగ్గర. ఆల్-ఇన్ పడ్డ ప్రతిసారీ, గొళ్లెం పెట్టగానే, ఆడేవాళ్ల వీపుల వెనక వాడు దాన్ని తీసి పట్టుకునేవాడు. బల్ల వైపు తిరిగి కూర్చున్నవాళ్లకు ఎప్పటికీ కనబడదు. అద్దం అవతల ఉన్న వసంతకే కనబడింది.

ఊరికే కూర్చుని ఉంటే చాలు. పోలీసులు వచ్చేవాళ్లు. ఆ తుపాకితో సహా వాణ్ని పట్టుకునేవాళ్లు. ఊరికే కూర్చుని ఉంటే!

మరి వసంత చంపమని ఎందుకంది?

అద్దం వెనక ఆమె లేదు. పరుగెత్తింది!

ఒక్కసారిగా...

ఇరవై నాలుగు సాంచెలూ ఆగిపోయాయి!

చప్పుడు లేదు. చెవుల్లో గుయ్యిమని మోత. ఎక్కడో డీసీఎం వ్యాను తలుపు దభాలున తెరుచుకున్న చప్పుడు. ఇటుక రోడ్డు మీద బూట్లు.

వీటన్నిటి మీదుగా... పొద్దుటి నుంచి మొదటిసారి... వసంత గొంతు వినబడింది.

"జంపు బావా! జంపు! నీ ఎనుక... జంపు!"

పారిపో అంటోంది.

అప్పుడూ అదే అంది.

చంపు. జంపు. పెదాల మీద రెండూ ఒక్క తీరే కనబడతాయి. తేడా అంతా గొంతులో ఉంటుంది. సాంచెల మీద పాతబడినవాళ్లు ఇట్లాంటి మాటలకు చేయి ఊపి సైగ కూడా కలుపుతారు. వసంత రెండు నెలల కిందనే పనిలో చేరింది. ఆ సంగతి ఆమెకు మొగిలి చెప్పనేలేదు.

ఆమె చంపమనలేదు. ఎన్నడూ అనలేదు. మూడు నెలలుగా తన నెత్తిలో తిరుగుతున్న మాటనే మొగిలి ఆమె పెదాల మీద చదువుకున్నాడు.

"వసంతా..."

ఢాం!